ముందు వాయిదాలు అడగొద్దు, మీటర్ చూడండి

మామూలుగా 600 లోపు వచ్చే కరెంటు బిల్లు ఈ నెల 4,860 వచ్చిందని, జీతం 14 వేలేనని, వాయిదాల్లో కట్టనిస్తారా, కట్టకపోతే ఫ్యూజు పీకేస్తారా అని అడిగారు కదా. వాయిదాల మాట ఇప్పుడే ఎత్తకండి అన్నా. "వాయిదాల్లో కడతాను" అని కాగితం మీద రాసిచ్చారంటే ఆ బిల్లు మీరు ఒప్పుకున్నట్టే చూస్తారు. ఆ తర్వాత తప్పు బయటపడినా "మీరే ఒప్పుకున్నారుగా" అంటారు.

నాకు 2023 మేలో ఇలాగే అయింది. అద్దె ఇల్లు, నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను, మా ఆయనది చిన్న ఉద్యోగం. ఎప్పుడూ ఆరు వందల చిల్లర వచ్చే బిల్లు దాదాపు 2,300 వచ్చింది. జూన్‌లో పిల్లల పుస్తకాలకని బియ్యం డబ్బాలో దాచిన డబ్బు సరిగ్గా అంతే ఉంది, దాన్ని తీసి కట్టేద్దామా అని ఒక రాత్రంతా టెన్షన్ పడ్డాం. పొద్దున్నే బిల్లు పట్టుకుని కింద మీటర్ల దగ్గరికి వెళ్లాను. బిల్లు మీద పాత రీడింగ్ 4583, కొత్తది 4921, అంటే 338 యూనిట్లు. మీటర్‌లో ఆ రోజు కనిపించింది 4739. బిల్లు కొట్టి నాలుగు రోజులైంది, మీటర్ మాత్రం బిల్లు కంటే వెనకే ఉంది! అసలు రీడింగ్ 4721 అయి ఉంటుంది, మీటర్ స్కాన్ కాకపోతే రీడింగ్ తీసేవాళ్లు చేత్తో కొడతారు, 7 బదులు 9 నొక్కేశారు. అంతే సంగతి.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని ఫోన్ తీసుకుని మీటర్ దగ్గర నిలబడటం. ఫొటో చాలదు, వీడియో తీయండి. డిస్‌ప్లేలో తేదీ, టైమ్, యూనిట్లు ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతుంటాయి, ఒక రౌండు మొత్తం వచ్చేదాకా ఆపకండి, మీటర్ నంబర్ కూడా పడాలి. ఆ నంబర్, బిల్లు మీద ఉన్న నంబర్ ఒకటేనా చూడండి, ఎందుకంటే అపార్ట్‌మెంట్లలో పక్కింటి మీటర్ మన పేరున ఉండటం కొత్తేమీ కాదు. రీడింగ్ సరిగ్గానే ఉంటే ఇంట్లో మెయిన్ ఆపేసి మళ్లీ రండి. మీటర్ మీద చిన్న ఎర్ర లైటు ఇంకా కొట్టుకుంటుంటే ఎక్కడో లీకేజీ ఉన్నట్టు, లేదా మీ మీటర్ నుంచి ఇంకెవరో వాడుతున్నట్టు. అప్పుడు ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

ఆఫీసుకి వెళ్తే కౌంటర్‌లో నాకు వచ్చిన జవాబు: "ముందు కట్టెయ్యమ్మా, వచ్చే నెల అడ్జస్ట్ అయిపోతుంది." దీనికి మాత్రం తల ఊపకండి. యూనిట్లు అడ్జస్ట్ అవుతాయి కానీ రూపాయలు అవ్వవు. అప్పటి తెలంగాణ రేట్లలో 200 దాటితే మొదటి యూనిట్ నుంచే 5.10, ఆ పైన 7.70, 300 దాటితే 9 రూపాయలు. 100 దాటి 200 లోపే ఉంటే మొదటి వందకు 3.40, తర్వాత 4.80. నేను ఆ రోజు పిల్లల నోట్‌బుక్ వెనక లెక్క వేశాను. లేని 200 యూనిట్లకు నా దగ్గర తీసుకునేది 1,600 పైచిలుకు, తర్వాత రెండు నెలల్లో తగ్గేది 870 దాకా. ఏడు వందలకు పైగా గాలికి పోయినట్టే. ఇప్పుడు 2024 మార్చి నుంచి తెలంగాణలో గృహజ్యోతి (నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు ఇచ్చే పథకం) వచ్చింది కదా, దాంట్లో ఉన్నవాళ్లకైతే ఇంకా దెబ్బ, తప్పు రీడింగ్‌తో 200 దాటితే ఆ నెల జీరో బిల్లే పోతుంది.

రెండోసారి వెళ్లినప్పుడు కాగితంతో వెళ్లాను, రెండు కాపీలు. ఇంటి ఓనర్ పేరున సర్వీసు కాబట్టి ఆయన సంతకం కూడా తీసుకున్నాను ("నీ ఇష్టమమ్మా, బాకీ మాత్రం నా నెత్తి మీదకి రావద్దు" అన్నాడు). అందులో రాసింది నాలుగు ముక్కలే: సర్వీసు నంబర్, బిల్లులో రీడింగ్, మీటర్‌లో రీడింగ్, బిల్లు సవరించమని. చివర్లో ఒక వాక్యం మా తమ్ముడు చెప్పి రాయించాడు, అసలు పని చేసింది అదే. విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 56 ప్రకారం బిల్లు మీద వివాదం ఉన్నప్పుడు అడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలల సగటు గానీ, ఏది తక్కువైతే అది అభ్యంతరం తెలుపుతూ కడితే, వివాదం తేలేదాకా కరెంటు కట్ చేయకూడదు. ఇది దేశమంతటికీ ఒకటే. మామూలుగా అయినా కట్ చేయాలంటే 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. కానీ బిల్లు మీద డిస్‌కనెక్షన్ తేదీ వేసి అదే నోటీసంటారు, కాబట్టి ఆ తేదీలోపే వెళ్లండి.

ఒక కాపీ మీద స్టాంపు వేసి ఇమ్మంటే "సార్ లేరు" అన్నారు. ఇన్‌వర్డ్ నంబర్ (కాగితం అందినట్టు ఆఫీసు రిజిస్టర్‌లో వేసే నంబర్) రాసిస్తేనే వెళ్తానని పక్కన బల్ల మీద కూర్చున్నాను. గొడవేమీ పడలేదు, గంటన్నర తర్వాత వాళ్లే విసిగి వేశారు. సగటు లెక్కన 610 రూపాయలు ఈఆర్‌ఓ (కరెంటు బిల్లుల ఆఫీసు) కౌంటర్‌లోనే కట్టాను, యూపీఐలో అయితే పూర్తి బిల్లే చూపిస్తోంది, అలా తెలియక నొక్కేయకండి. తర్వాత లైన్‌మన్ వచ్చి రీడింగ్ చూసి రాసుకుపోయాడు, పన్నెండో రోజుకి సవరించిన బిల్లు వచ్చింది. మొత్తం మూడు తిరుగుళ్లు, ఆటో ఖర్చు 180.

అక్కడ కదలకపోతే 1912కి ఫోన్ చేసి కంప్లయింట్ నంబర్ తీసుకోండి. దాని పైన ప్రతి డిస్కంకీ (కరెంటు సరఫరా చేసే కంపెనీకి) వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంటుంది, ఆ పైన విద్యుత్ అంబుడ్స్‌మన్. లాయర్ అక్కర్లేదు, స్టాంపు వేసిన ఆ కాపీ ఉంటే చాలు.

ఒకవేళ మీటర్ సరిగ్గానే ఉండి, నిజంగానే అన్ని యూనిట్లు కాలాయని తేలితే వాయిదాలు అడగడంలో తప్పులేదు, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారిని కలిసి అడగండి. కానీ ఫ్రిజ్, ఫ్యాన్, టీవీ ఉన్న ఇంటికి 4,860 అంటే నాకు నమ్మకం లేదు. మీ బిల్లు మీద ఉన్న రెండు రీడింగులు, ఇప్పుడు మీటర్‌లో ఉన్నది ఇక్కడ పెట్టండి, లెక్క చేసి చెప్తాను.