బంటికి బొక్కలు ఎండబెడతానన్న చిన్నీకి

చిన్నీ,

నువ్వు డీహైడ్రేటర్, అదే తిండి ఎండబెట్టే మిషన్, కొన్నావని, బంటికి మటన్ బొక్కలు ఎండబెడతావని, పక్క ఫ్లాట్ల కుక్కలకు కూడా డబ్బాల్లో పోసి ఇస్తావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. షాపు ప్యాకెట్లలో ఏం కలుపుతారో తెలియదని నీ చేత్తో చేసి పెట్టాలనుకున్నావు చూడు, అది విని చాలా సంతోషమైంది. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నా.

మాంసం ఎండబెట్టు బిడ్డా. బొక్క ఎండబెట్టకు.

మోతి నీకు తెలియదు. నువ్వు పుట్టకముందు మన ఇంట్లో ఉన్న ఎర్ర కుక్క. ఆ ఏడు దసరాకు యాటను కోశాం. మిగిలిన కూరకు ఉప్పు, పసుపు పట్టించి, తాడుకు గుచ్చి దండెం మీద ఒరుగులు పెట్టాను. పక్కబొక్కలకు ఇంకాస్త కూర అంటుకుని ఉంది. పారేయబుద్ధి కాలేదు. వాటినీ చాటలో పోసి మూడు రోజులు డాబా మీద ఎండబెట్టి మోతికి వేశాను. వాడు ముందుకాళ్ల మధ్య పట్టుకుని నములుతుంటే కటుక్కు కటుక్కుమని చప్పుడు. ఎంత ఇష్టంగా తింటున్నాడో అనుకుంటూ ఆ చప్పుడు వింటూ వాకిట్లో చాలాసేపు నిలబడ్డాను.

మర్నాడు గంజి ముట్టలేదు. రెండుసార్లు కక్కాడు. పెంటకుప్ప దగ్గర నడుము వంచి ముక్కుతున్నాడు, ఏమీ రావట్లేదు. బొక్కే కదా, అరుగుతుందిలే అనుకుని అరటిపండు పెట్టాను, ఆముదం పోశాను. అట్లా రెండు రోజులు పోగొట్టాను. మూడో రోజు రక్తం కనబడ్డాక పశువుల దవాఖానకు ఎత్తుకుపోయాం. డాక్టరు వాడి వెనకనుంచి తీసిన ముక్కను నా అరచేతిలో పెట్టాడు. చింతగింజంత ఉంది, ఒక కొన దబ్బనం మొనలా ఉంది. లోపల ఇంకా ఉన్నాయమ్మా, పేగు తెగింది అన్నాడు. ఆ రాత్రి మోతి గడప దగ్గర నా పాదం మీద తల పెట్టి పడుకున్నాడు. తెల్లారేసరికి పోయాడు.

పచ్చి పుల్ల వంగుతుంది, ఎండుపుల్ల ఫట్‌మని విరుగుతుంది. బొక్కలో తడి పోతే అదీ అంతే, చీలికలు చీలికలుగా విరుగుతుంది. ఎండలో పెట్టినా, మిషన్‌లో పెట్టినా, ఉడకబెట్టినా తేడా లేదు. షాపులో కొన్నది మంచిదనుకునేవు, అమెరికాలో తిండి, మందుల భద్రత చూసే సర్కారు సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది ఆ ప్యాకెట్ బొక్కల గురించే. నల్లిబొక్క గట్టిది కదా అని కూడా అనకు. అది విరగకపోతే పన్ను విరుగుతుంది. గుండ్రంగా కోసిన నల్లి ఉంగరంలా కింది దవడకు ఇరుక్కుంటుంది. మూలుగంతా కొవ్వే, బంటి లాంటి బొద్దు కుక్కకు అసలే పడదు.

కాబట్టి బొక్క నుంచి కూర ఒలిచెయ్యి. కొవ్వు తీసి పావంగుళం మందాన ముక్కలు కోయి. ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు, కారం ఏవీ తగలనివ్వకు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తాన్ని పాడు చేస్తాయి.

ఇక్కడ జాగ్రత్తగా విను. పెద్దమ్మ ఒరుగులు పచ్చివే ఎండబెడుతుంది కదా అంటావు. మన ఒరుగులకు ఉప్పు ఉంటుంది, పైగా తినేముందు మళ్లీ పొయ్యి మీద ఉడికిస్తాం. బంటి డబ్బాలోది డబ్బాలోనుంచే తింటాడు. మిషన్ 60 డిగ్రీల దగ్గర తిరుగుతుంది. ఆ వేడికి తడి పోతుంది కానీ పచ్చిమాంసంలో ఉండే సాల్మొనెల్లా అనే రోగక్రిమి చచ్చిందని నమ్మలేం. ముందు ముక్కల్ని ఓవెన్‌లోనో నీళ్లలోనో ఉడికించు. లోపలి వేడి మటన్‌కు 71 డిగ్రీలు, చికెన్‌కు 74 రావాలి. గుచ్చి చూసే థర్మామీటర్ ఒకటి కొనుక్కో. ఆ తర్వాతే మిషన్‌లో పెట్టు. వంచితే పగుళ్లు రావాలి, లోపల తడి కనబడకూడదు. చల్లారాక డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టు, వారానికి మించినది ఫ్రీజర్‌లో.

కార్జం కూడా ఇలాగే చెయ్యొచ్చు, కానీ కొంచెమే, రోజూ వద్దు. ఏదైనా సరే, బంటి రోజు తిండిలో పదో వంతు దాటనివ్వకు.

పచ్చిమాంసం కోసిన కత్తి, పలక వెంటనే సబ్బుతో కడుగు. నీ కూతురు ఇప్పుడు పాకుతోంది, నేల మీద ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటుంది. బంటి తిన్న చోటు తుడవకుండా దాన్ని కింద దింపావో, నేను వచ్చి నిన్ను తిడతాను. చిన్నప్పుడు నువ్వూ అంతే, మోతి తర్వాత తెచ్చిన కుక్క పళ్లెంలో చెయ్యి పెట్టి అన్నం తినేదానివి. నిన్ను ఎత్తుకుని చేతులు కడిగి కడిగి నా నడుము పడిపోయేది. ఆ చేతులే ఇప్పుడు ఇంకొకరి కడుపు కోసం ఇంత ఆలోచిస్తున్నాయి, ఎంత పెద్దదానివయ్యావు తల్లీ.

మొదటి వాయి పావుకిలో చాలు. పక్కవాళ్లకు పంచడం తర్వాత చూద్దాం. బంటి తింటుంటే పక్కనే కూర్చో, ఫోన్ చూడకు. ఎప్పుడైనా వాడు కక్కి తిండి మానేసినా, ముక్కుతూ కూర్చున్నా అరటిపండు వెతక్కు. రాత్రి రెండైనా సరే, దవాఖానకు తీసుకుపో. నాకు దారిలోంచి ఫోన్ చెయ్యి, ఎత్తుతాను.

మీ పెద్దమ్మ