నవ్విస్తూ సైన్సు చెప్పే పురుగుల బొమ్మల పుస్తకాలు పిల్లలకు కొనొచ్చా?

ప్రశ్న: మాది కర్నూలు. పాపకు ఆరేళ్ళు. చీమలు, పేడపురుగులు పాత్రలుగా నవ్విస్తూ సైన్సు చెప్పే బొమ్మల పుస్తకాలు కొందామనుకుంటున్నాను. వీటితో పిల్లలు నిజంగా ఏమైనా నేర్చుకుంటారా, లేక పురుగులు మాట్లాడతాయని నమ్మేస్తారా? మా పాపకు పురుగంటే భయం కూడా.

జవాబు:

తప్పకుండా కొనండి. నేను పదకొండేళ్ళుగా ఒకటి, రెండు తరగతుల పిల్లలకు చెబుతున్నాను. మొదట హిందూపురం వైపు, ఇప్పుడు గుత్తి దగ్గర ఒక పల్లెలో. ఇలాంటి పుస్తకాలు క్లాసులో చాలా చదివి వినిపించాను. పురుగు మాట్లాడినంత మాత్రాన పిల్లలేం మోసపోరు. ఏడు చేపల కథ వినకుండా మన దగ్గర ఎవరు పెరిగారు? బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అని చీమ ఎదురు అడిగితే అందరూ నవ్వుతారు. అలాగని గోడ మీది చీమ మాట్లాడుతుందేమోనని ఎవరూ చెవి పెట్టి వినరు. పుట్ట జోలికి పోతే చీమ కుడుతుందన్నది మాత్రం గుర్తుండిపోతుంది. అది నిజమే కదా, గూటిని కాపాడుకోవడం చీమకు పెద్ద పని.

పుస్తకం ఎంచుకునేటప్పుడు నేను ముందు చూసేది నవ్వు దేని వల్ల వస్తోందని. పురుగుకు చొక్కా తొడిగి, బురదలో జారి పడేస్తే పిల్లలు నవ్వుతారు, పేజీ తిప్పగానే మర్చిపోతారు. పురుగు నిజంగా చేసే పనికే నవ్వొస్తే ఆ పని గుర్తుంటుంది. మిడతకు చెవులు పొట్ట పక్కన ఉంటాయి. కీచురాయికి ముందు కాళ్ళ మీద ఉంటాయి. సీతాకోకచిలుక కాళ్ళతో రుచి చూస్తుంది. ఇది చెప్పిన రోజు మధ్యాహ్న భోజనం దగ్గర ఒక పిల్లవాడు చెప్పు విప్పి, పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో చూస్తానని కంచం వైపు కాలు చాపాడు. ఆ పాఠం వాడికి మళ్ళీ చెప్పాల్సిన పని పడలేదు.

పేడపురుగు సంగతి ఇంకా బాగుంటుంది. పేడను ఉండ చేసుకుని, వేరే పురుగులు లాక్కోకుండా వెనక కాళ్ళతో నెట్టుకుంటూ తిన్నగా పారిపోతుంది. చంద్రుడు లేని రాత్రి కూడా దారి తప్పదు. అదెలాగో తెలుసుకోవడానికి దక్షిణాఫ్రికాలో పరిశోధకులు దాని తలకు బుల్లి అట్ట టోపీ పెట్టారు. ఆకాశం కనబడకపోయేసరికి పాపం దారి తప్పి ఎటెటో తిరిగింది. పాలపుంత వెలుగును చూసి అది దారి పట్టుకుంటుందని 2013లో ప్రకటించారు. పేడపురుగు, టోపీ, పాలపుంత! ఇంతకు మించి కల్పించాల్సిన అవసరం ఏముంది?

అయితే తప్పులున్న పుస్తకాలు కూడా వస్తున్నాయి. నేను కొన్న ఒక పుస్తకంలో సాలెపురుగును పురుగుల బడిలో కూర్చోబెట్టి ఆరు కాళ్ళు గీశారు. నేను కూడా గమనించకుండా చదివేశాను. ఆరుద్ర కార్తెలో తొలకరి పడ్డాక ఒక అమ్మాయి అగ్గిపెట్టెలో ఆరుద్ర పురుగును తెచ్చింది. ఎర్ర మఖమల్ గుడ్డ తుంపులా ఉంది. అందరం నేల మీద కూర్చుని కాళ్ళు లెక్కపెట్టాం. ఆ అమ్మాయి మూడుసార్లు లెక్కపెట్టి, "మేడం, దీనికి ఎనిమిదుండాయి. బుక్కులో పురుగులకు ఆరే అని ఉంది కదా" అంది. అప్పుడు నేను మళ్ళీ పుస్తకం తీసి చూసి, సాలెపురుగుకు కూడా ఎనిమిది కాళ్ళేనని, బొమ్మ తప్పని పిల్లలకు చెప్పి, పెన్నుతో ఇంకో రెండు కాళ్ళు గీయించాను.

ఈ చిక్కు మన భాషలో కొంచెం ఎక్కువే. తెలుగులో పురుగు అంటే అన్నీ వస్తాయి. పల్లెల్లో పాము పేరు ఎత్తలేక "పురుగు ముట్టింది" అంటారు. కీటకం అంటే మాత్రం ఆరు కాళ్ళు, మూడు భాగాల శరీరం ఉండాలి. సాలెపురుగు, ఆరుద్ర పురుగు, తేలు ఎనిమిది కాళ్ళ కుటుంబం. తెలుగు పుస్తకం కొనేటప్పుడు ఈ తేడా చెప్పిందా లేదా అని చూడండి. మా గుత్తి పేరుతో ప్రపంచమంతా తెలిసిన నీలి సాలీడు ఒకటుంది. 1899లో ఇక్కడ దొరికింది, దాదాపు వందేళ్ళకు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ కనబడింది. మీకు దగ్గరే, పాపకు చెప్పండి.

హిందూపురం వైపు ఉన్నప్పుడు ఇంకో సంగతి జరిగింది. ఒక పుస్తకంలో గొంగళి పురుగు దారంతో గూడు కట్టుకుని, అందులోంచి రంగురంగుల సీతాకోకచిలుక బయటికి వస్తుంది. పట్టుపురుగులు పెంచే ఇంటి పిల్లవాడు ఒప్పుకోలేదు. మర్నాడు జేబులో పట్టుగూడు వేసుకొచ్చి నా చెవి దగ్గర ఊపాడు. లోపల ప్యూపా, అంటే గొంగళి పురుగు రెక్కల పురుగుగా మారే ముందు ఉండే దశ, కటకట కదులుతోంది. "దీంట్లోంచి వచ్చేది తెల్లగా, లావుగా ఉంటాది మేడం. ఎగరదు. ఏమీ తినదు" అన్నాడు. వాడు చెప్పిందే సరైనది. సీతాకోకచిలుకల ప్యూపాకు మామూలుగా పట్టు గూడు ఉండదు, గట్టి పెంకులా ఉండి కొమ్మకు వేలాడుతుంది. ఆ రోజు పాఠం వాడే చెప్పాడు.

చదవడం అయ్యాక ప్రశ్నలతో పరీక్ష పెట్టకండి, బయటికి తీసుకెళ్ళండి. చీమల బారు కనిపిస్తే దానికి అడ్డంగా నేల మీద వేలితో గట్టిగా తుడిచి చూపించండి. ముందు వచ్చే చీమ ఆ గీత దగ్గర టక్కున ఆగి, మీసాలు ఆడిస్తూ అటూ ఇటూ తిరుగుతుంది. అవి నడిచేది ముందు పోయినవి వదిలిన వాసన పట్టుకుని. కాసేపటికి ఒకటి దాటుతుంది, మళ్ళీ బారు కుదురుతుంది. ఇంకో మాట, పని చేసే చీమలన్నీ ఆడవే. పుస్తకంలో "చీమ మామ" తిండి మోస్తున్నాడని ఉంటే "చీమక్క" అని మార్చి చదవండి.

పుస్తకాల కోసం ముందు స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ చూడండి. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టారు. తెలుగు బొమ్మల పుస్తకాలు ఫ్రీగా చదువుకోవచ్చు, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ, నేషనల్ బుక్ ట్రస్ట్ వేసే పుస్తకాలు కూడా బాగుంటాయి.

భయం గురించి టెన్షన్ పడకండి. పట్టుకోమని, ముట్టుకోమని బలవంతం మాత్రం వద్దు. శెనక్కాయ చేలల్లో కనిపించే ఎర్ర గొంగళి పురుగులాంటి వెంట్రుకల పురుగులను ఎవరూ ముట్టుకోకూడదు, దద్దుర్లు వస్తాయి. మా క్లాసులో చీమను చూసినా బెంచీ ఎక్కే పాప ఉండేది. బడి గోడ వారన మెత్తటి మట్టిలో గరాటులాంటి చిన్న గుంటలుంటాయి, అడుగున ఒక పురుగు చీమ జారి పడుతుందేమోనని దాక్కుని ఉంటుంది. పాప మొదటి రోజు నా చీర కొంగు వెనక నుంచి చూసింది. నాలుగో రోజు గుంట పక్కనే గొంతుకు కూర్చుని, "ఈరోజు కూడా దీనికి అన్నం దొరకలేదు మేడం" అని బాధపడింది.