మీటరు 19.8 అంటోంది, బంకు 18.4 అంటోంది

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట, ఆఫీసు విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర. రోజూ కార్లోనే వెళ్లొస్తా, పెట్రోల్ బండి. డిస్‌ప్లేలో యావరేజ్ 19.8 చూపిస్తుంది. ఫుల్ ట్యాంక్ కొట్టించి చూస్తే 414 కిలోమీటర్లకి 22.5 లీటర్లు పట్టింది, అంటే 18.4. సర్వీస్ సెంటర్ వాళ్లేమో బంకులో మోసం అంటారు, బంకు వాళ్లేమో బండిలో లోపం అంటారు. కొన్నప్పుడు 22 వస్తుందన్నారు. ఇందులో ఎవర్ని నమ్మాలండీ?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: నన్నడిగితే ఇద్దరినీ అనుమానించక్కర్లేదు, ముందు మీటర్ని అనుమానించండి. ట్యాంక్ నుంచి ఇంజన్‌కి వెళ్లే పైపులో పెట్రోల్ కొలిచే యంత్రం ఏదో ఉంటుందని చాలామంది అనుకుంటారు, మామూలు కార్లలో అలాంటిదేం ఉండదు. బండిలో కంప్యూటర్ చేసేదంతా లెక్కే. ఇంజెక్టర్, అంటే ఇంజన్లోకి పెట్రోల్ చిమ్మే నాజిల్, ఎన్ని మిల్లీసెకన్లు తెరుచుకుందో దానికి తెలుసు, ఎందుకంటే తెరవమని చెప్పేది అదే కదా. అంతసేపు తెరిస్తే ఇంత పెట్రోల్ పడాలి అని ఫ్యాక్టరీలో ఒక అంకె రాసిపెడతారు, ఈ రెంటినీ గుణించి, తిరిగిన దూరాన్ని దాంతో భాగించి మీకు 19.8 అని చూపిస్తుంది. మీ ఇంజెక్టర్ ఆ అంకె కంటే కాస్త ఎక్కువ పోసినా, పెట్రోల్ ప్రెషర్‌లో కొంచెం తేడా ఉన్నా దానికి తెలీదు. నాలుగైదు శాతం ఎక్కువ చూపించే బండ్లు బోలెడు, మీది 7 శాతం పైన ఉంది, కొంచెం ఎక్కువే కానీ వింతేం కాదు. తక్కువ చూపించి కస్టమర్‌ని ఏడిపించాలని ఏ కంపెనీ అనుకోదు లెండి.

అలాగని మీ 18.4 కూడా దేవుడి మాట కాదు. ఆటోకట్ (ట్యాంక్ నిండగానే పంపు దానంతట అదే ఆగిపోవడం) అనేది ఒక్కో పంపు నాజిల్‌కి ఒక్కోచోట పడుతుంది, బండి కాస్త వాలుగా నిలబడ్డా మారుతుంది, పోసే కుర్రాడు స్పీడుగా పోస్తే ముందే కట్ అవుతుంది. ఒక్క లీటరు అటూ ఇటూ అయిందంటే మీ 22.5 లీటర్లలో నాలుగు శాతం పైమాటే. అందుకే ఒక్క ట్యాంక్‌తో తీర్పు చెప్పొద్దు. ఒకే బంకు, వీలైతే అదే పంపు, ఆటోకట్ పడగానే ఆపేయమనండి, ఇలా నాలుగైదు ట్యాంకులు రాసిపెట్టుకుని మొత్తం కిలోమీటర్లని మొత్తం లీటర్లతో భాగించండి. "ఇంకో యాభై రూపాయలకి రౌండ్ చేసెయ్" అని ఆటోకట్ తర్వాత పోయించే అలవాటుంటే మానేయండి, ఆవిరి పట్టుకోవడానికి ట్యాంక్‌కి తగిలించిన బొగ్గు డబ్బాలోకి పెట్రోల్ దిగితే అది పాడవుతుంది, లెక్క కూడా చెడుతుంది.

బంకు మీద నిజంగా అనుమానం ఉంటే మొహమాటపడకుండా 5 లీటర్ల కొలత పాత్ర అడగండి, తూనికలు కొలతల శాఖ ముద్ర వేసినది ప్రతి బంకులో ఉండాలి, అడిగితే మీ ముందే పోసి చూపించాలి. 5 లీటర్లకి 25 ఎంఎల్ వరకు తేడా చెల్లుతుంది, అంటే అర శాతం. మీ 7 శాతం తేడా అందులోంచి రాదు.

ఇంకోటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. డిస్‌ప్లే లెక్కకైనా మీ బంకు లెక్కకైనా కిలోమీటర్లు ఇచ్చేది అదే బండి. కొత్త టైరుకీ అరిగిపోయిన టైరుకీ మధ్య చక్రం చుట్టుకొలతలో దాదాపు 2 శాతం తేడా వస్తుంది, అరిగిన టైరు ఎక్కువసార్లు తిరుగుతుంది కాబట్టి మీరు వెళ్లని దూరం కూడా మీటర్లో ఎక్కుతుంది. హైవే మీద కిలోమీటరు రాళ్లతోనో ఫోన్లో జీపీఎస్‌తోనో ఒకసారి పోల్చుకుంటే తెలిసిపోతుంది.

ఇక ఆ 22 సంగతి. అది ఏఆర్ఏఐ (బండ్లని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) ల్యాబ్‌లో రోలర్ల మీద, ఏసీ ఆపేసి, గంటకి 90 దాటకుండా నడిపి తీసిన అంకె. మీరేమో కాజా టోల్ దాటగానే 100 తొక్కుతారు (తొక్కరంటే నేను నమ్మను). 80కీ 100కీ మధ్య గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు అవుతుంది, ఆ ఖర్చు మీదే. టైర్లలో గాలి తగ్గినా మైలేజీ పడుతుంది కానీ జనం చెప్పుకునేంత కాదు, ఏడెనిమిది పాయింట్లు తగ్గితే ఒకటి రెండు శాతం, అంతే. గాలి చెక్ చేయించాల్సింది మైలేజీ కోసం కంటే టైరు పేలకుండా ఉండటానికి.

ప్రశ్న: ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపినది) వచ్చాక మా బండి మైలేజీ 18 నుంచి 14కి పడిపోయిందని మావారు, ఎండాకాలం ఏసీ వల్లే అని నేను. రోజూ పిల్లల్ని దింపి, బెంజ్ సర్కిల్ మీదుగా ఆఫీసుకి వెళ్తా. తీర్పు చెప్పండి.
– ఒక పాఠకురాలు, పటమట

జవాబు: మేడమ్, మీవైపే ఎక్కువ మొగ్గుతా. ఇథనాల్‌లో లీటరుకి శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ, నిజమే. కానీ 10 శాతం కలిపినదాని నుంచి 20 శాతానికి వెళ్తే లీటరు మొత్తంలో తగ్గే శక్తి మూడు మూడున్నర శాతం. 18 వచ్చే బండికి 17.4 రావాలి. 14 అంటే ఇంకేదో ఉంది. సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని నిలబడితే చిన్న కారు కూడా గంటకి ముప్పావు లీటరు పైనే తాగుతుంది. రోజుకి అరగంట అలా నిలబడ్డారనుకోండి, నెలకి పాతిక రోజులు, దాదాపు 10 లీటర్లు, కిలోమీటర్లు సున్నా. దానికి తోడు స్కూలుకి రెండు కిలోమీటర్లు వెళ్లి ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి, అలా చిన్న చిన్న ట్రిప్పులు. ఏసీ తక్కువ తిరిగే రోజుల్లో కూడా 14 దగ్గరే ఉంటే అప్పుడు ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్‌లు, బ్రేకులు పట్టేస్తున్నాయేమో చూపించండి.

ప్రశ్న: దుర్గ గుడి ఫ్లైఓవర్ దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తే పెట్రోల్ మిగులుతుందా?
– ఒక పాఠకుడు, ఆటోనగర్

జవాబు: మిగలదు బాబాయ్, ఖర్చవుతుంది. గేర్లో ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి, కంప్యూటర్ ఇంజెక్టర్లని పూర్తిగా మూసేస్తుంది. న్యూట్రల్ చేస్తే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోల్ పోయాల్సిందే. నమ్మకపోతే డిస్‌ప్లేలో ఇన్‌స్టంట్ మైలేజీ (ఆ క్షణానికి వచ్చే మైలేజీ) పెట్టుకుని మీ పక్క సీట్లో వాళ్లని చూడమనండి, కాలు తీయగానే ఆ గీత చివరికంటా వెళ్లిపోతుంది. పైగా న్యూట్రల్లో ఇంజన్ పట్టు ఉండదు, బరువంతా బ్రేకుల మీదే.

ప్రశ్న: ఏలూరు వెళ్లేటప్పుడు 20 వచ్చింది, తిరిగొచ్చేటప్పుడు బండి నిండా జనం, రామవరప్పాడు రింగ్ దగ్గర ట్రాఫిక్, 12 వచ్చింది. సగటు 16 కదా, మీటరు 15 అంటోంది. పాడైందా?
– ఒక పాఠకుడు, గుణదల

జవాబు: మీటరు బాగానే ఉంది. వెళ్లేటప్పుడు 60 కిలోమీటర్లకి 3 లీటర్లు, వచ్చేటప్పుడు అదే 60కి 5 లీటర్లు. మొత్తం 120 కిలోమీటర్లు, 8 లీటర్లు, భాగించుకోండి.