పక్క పోర్షన్ ఆవిడేంటమ్మా, మీ అమ్మమ్మ!

సికింద్రాబాద్ నుంచి ఒకమ్మాయి రాసింది. ఇరవై తొమ్మిదేళ్ళు, ఐటీ ఉద్యోగం, మాఘమాసంలో పెళ్ళి. పిల్లికళ్ళు, రాగిరంగు జుట్టు, తెల్లటి తెలుపు, దాంతో చిన్నప్పట్నుంచీ ఎక్కడికెళ్ళినా జనం ఆపి మరీ మీరు కాశ్మీరీనా, పంజాబీనా, ఫారినా అని అడుగుతారట. ఆటో అతను హిందీలో మొదలుపెడతాడు, ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు తెలుగు భలే మాట్లాడుతున్నారే అని మెచ్చుకుంటారు, ఈ పిల్లకి ఒళ్ళు మండిపోతుంది. అసలు సంగతి ఏంటంటే వాళ్ళ అమ్మమ్మ ఆంగ్లో ఇండియన్, అంటే ఎప్పుడో యూరప్ నుంచి వచ్చి ఇక్కడివాళ్ళతో కలిసిపోయినవాళ్ళ వంశం. లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగి, అక్కడి వర్క్‌షాప్‌లోనే ఫిట్టర్‌గా చేసే తెలుగాయన్ని చేసుకుంది. ఈ సంగతి బయటెక్కడా అనకూడదని వాళ్ళమ్మ ఆర్డరు. పెళ్ళిచూపులకి వాళ్ళొచ్చినప్పుడు అమ్మమ్మ వరండాలో కూర్చుని ఉంటే 'పక్క పోర్షన్ ఆవిడ' అని చెప్పేశారు, నిశ్చితార్థం రోజుకి ఆవిడ్ని కాజీపేటలో మేనమామ ఇంటికి పంపించేశారు. కాబోయే అత్తగారు పిల్ల కళ్ళ రంగు గురించి అడిగితే మా నాన్నగారి వైపు అందరివీ ఇలాగే ఉంటాయండీ అని అమ్మ సర్దేసింది. ఇంత రాసి అమ్మాయి అడిగినవి మూడు: జనం అడిగితే ఏం చెప్తే ఇంక అడగకుండా ఉంటారు, అసలు నేను ఎవరి కిందకి వస్తాను, డీఎన్ఏ టెస్ట్ చేయించుకోమంటారా.

అమ్మాయ్, నీకంటే ముప్పై ఏళ్ళు పెద్దదాన్ని, నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు.

మొదటిది తేలిక. ఉన్నది చెప్పు. "మా అమ్మమ్మ ఆంగ్లో ఇండియన్, మాది సికింద్రాబాద్." అయిపోయింది, దీనికి కౌన్సిలర్ అక్కర్లేదు. ఇలా చెప్తే అడగడం ఆగిపోతుందా అంటే ఆగదు, ఇంకా ఎక్కువ అడుగుతారు, అవునా అయితే ఇంట్లో ఇంగ్లీషేనా, తాతగారి వాళ్ళు ఎలా ఒప్పుకున్నారు, క్రిస్మస్ చేస్తారా అని. అడగనీ. మనవాళ్ళు రైల్లో ఎదురు సీటు మనిషిని కూడా మీదే ఊరు, పిల్లలెంతమంది, మీరేవిట్లు అని అడక్కుండా నాలుగు స్టేషన్లు దాటనివ్వరు. అందులో ఆ 'మీరేవిట్లు'కి మాత్రం ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు, అది కులం తూచడానికి అడిగేది, దానికి మొహం తిప్పేసుకున్నా తప్పులేదు. ఆటో అతనికి అదేం అక్కర్లేదు, నిన్ను చూస్తే ఆశ్చర్యమేసింది, తెలుసుకోవాలనిపించింది, అడిగాడు. రోజూ అడిగితే విసుగొస్తుంది, కాదనను. మూడ్ లేని రోజు తెలుగువాళ్ళమేనండీ అనేసి ఇయర్‌ఫోన్స్ పెట్టుకో, అది కూడా అబద్ధమేం కాదు కదా.

రెండోది, నువ్వు ఎవరి కిందకి వస్తావు అని. చట్టం అడుగుతున్నావా? చట్టం ప్రకారం నువ్వు ఆంగ్లో ఇండియన్‌వి కావు. రాజ్యాంగంలో 366(2)లో రాసింది ఏంటంటే తండ్రి గానీ, తండ్రి వైపు మగ వరసలో పైవాళ్ళు ఎవరైనా గానీ యూరప్ సంతతి అయి ఉండాలి, కుటుంబం ఇక్కడే స్థిరపడి ఉండాలి. ఆడవాళ్ళ వైపు లెక్క లేదు. అంటే మీ అమ్మమ్మ వస్తుంది, తెలుగాయన కూతురు కాబట్టి మీ అమ్మ రాదు, నువ్వసలే రావు. నీ కళ్ళు మాత్రం ఆ ఆర్టికల్ చదివినట్టు లేవు. ఇదివరకు లోక్‌సభలో వాళ్ళకి రెండు నామినేటెడ్ సీట్లుండేవి, అసెంబ్లీల్లో కూడా వేసేవాళ్ళు, 2020 జనవరిలో 104వ సవరణతో అవీ పోయాయి. అంతకుముందు 2019 డిసెంబర్‌లో పార్లమెంటులో మంత్రిగారు 2011 జనాభా లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద ఆంగ్లో ఇండియన్లు 296 మందే అన్నారు, ప్రతిపక్ష ఎంపీలు మండిపడ్డారు. మండిపడరా మరి, ఒక్క సికింద్రాబాద్, కాజీపేట తిరిగి చూసినా ఆ లెక్క నమ్మబుద్ధి కాదు. అందులో మీ అమ్మమ్మని కలిపారో లేదో, ఆ రోజు కూడా మీ ఇంట్లో ఆవిడ పక్క పోర్షన్ ఆవిడే అయ్యుంటుంది.

చట్టం సంగతి వదిలెయ్. లాలాగూడ వర్క్‌షాప్ 1893 నాటిది, నిజాం రైల్వే కాలం నుంచీ ఉంది. రైలు వెళ్ళిన చోటికల్లా ఈ కుటుంబాలు వెళ్ళాయి, కాజీపేట, గుంతకల్లు, బిట్రగుంట, డ్రైవర్లుగా గార్డులుగా. మా మేనత్త వాళ్ళు బిట్రగుంటలో ఉన్న రోజుల్లో పక్క క్వార్టర్ నుంచి క్రిస్మస్‌కి పళ్ళెం నిండా కుల్‌కుల్స్, గులాబీ పువ్వులు లాంటి పిండివంటలు వచ్చేవి, ఆ పళ్ళెంలోనే సంక్రాంతికి అరిసెలు వెళ్ళేవి, ఎవరూ ఎవరి పుట్టుకా దాచుకోలేదు, అందరికీ అందరూ తెలుసు. అసలు ఈ ఊళ్ళో ఎవరు కలవలేదని? ఏసీ గార్డ్స్ మీదుగా రోజూ ఆఫీసుకెళ్ళేవాళ్ళలో ఎంతమందికి తెలుసు ఆ ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ అని, నిజాం కొలువులో ఉన్న ఆఫ్రికా సంతతి సిద్దీల గుర్రపు దళం పేరు అదని. నువ్వు తెలుగుపిల్లవి, నీలో లాలాగూడ ఉంది, అది ఏ దేశం దాకా వెళ్తుందో మీ అమ్మమ్మకి తెలుసు. రెండూ నీవే, ఒకటి చెప్పినంత మాత్రాన రెండోది తగ్గిపోదు.

ఇప్పుడు నేను మాట్లాడాలనుకున్నది మాట్లాడతాను. నీ ఉత్తరం రెండోసారి చదువుతుంటే నాకు ఆటో అతని మీద, ఆఫీసు వాళ్ళ మీద నీ కోపం అంతా వింతగా అనిపించింది, ఎందుకంటే అక్కడ పేజీలు పేజీలు రాసి, అమ్మమ్మని నిశ్చితార్థం నుంచి పంపించేసిన సంగతి ఒక్క లైనులో రాసేశావు, అది కూడా 'అమ్మ టెన్షన్ పడుతోందని' అని కలిపి. నీ కోపం మీ అమ్మ మీద తల్లీ. అమ్మతో పెట్టుకోలేక దారిన పోయేవాళ్ళ మీద పడుతున్నావు. వాళ్ళు అడిగిన ప్రతిసారీ ఇంట్లో దాచిపెట్టింది గుర్తొస్తుంది, అందుకే అంత మంట. దాచేది లేకపోతే ఆ ప్రశ్న నీకు మీ ఇంటి పేరేంటి అన్నట్టే వినిపించేది.

ఇంకో సంగతి. అబ్బాయి కంపెనీ రాశావు, ప్యాకేజీ రాశావు, అత్తగారు ఏ చీర కట్టుకొచ్చిందో కూడా రాశావు. అమ్మమ్మ పేరు రాయలేదు. ఆవిడ నాన్న ఏం చేసేవాడో, అన్నదమ్ములు ఆస్ట్రేలియా వెళ్ళిపోయారా ఇక్కడే ఉన్నారా, చర్చిలో పెళ్ళయిందా గుళ్ళోనా, తాతగారి అమ్మ ఆవిడ్ని లోపలికి రానిచ్చిందా, ఒక్క ముక్క లేదు. జనానికి నీ గురించి ఉన్నంత ఆసక్తి కూడా నీకు ఆవిడ మీద లేదని అననులే, అడిగితే అమ్మ ఊరుకోదని అడగడం మానేసుంటావు.

మెర్ల్ ఓబెరాన్ అని ఒకప్పటి హాలీవుడ్ హీరోయిన్, 1911లో మన బొంబాయిలో పుట్టింది, మిశ్రమ సంతతే, ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. లోకానికి మాత్రం తాను ఆస్ట్రేలియాలో టాస్మానియా ద్వీపంలో పుట్టానని చెప్పుకుంది. తనని పెంచిన పెద్దావిడ రంగు తక్కువ, తనతోనే లండన్‌లో ఉండేది, ఇంటికొచ్చినవాళ్ళకి ఆవిడ్ని పనిమనిషి అని పరిచయం చేసేది. నిజానికి ఆవిడ ఆ పిల్లకి అమ్మమ్మ అవుతుందని ఎప్పటికో బయటపడింది. అదంతా ఆ కాలం, తెలిస్తే సినిమాలే ఉండేవి కావు, సరే. నీకు ఏం పోతుంది చెప్పు? ఒక సంబంధం. మీవాళ్ళు పక్క పోర్షన్ ఆవిడ అన్నారు, ఆ హీరోయిన్‌కీ మీకూ తేడా ఏముందో నాకైతే కనపడలేదు. మీ వరండాలో ఆ మాట అన్నప్పుడు ఆవిడ అక్కడే ఉంది కదా, తెలుగు రాదా ఆవిడకి? అరవై ఏళ్ళు తెలుగాయనతో కాపురం చేసింది.

మీ అమ్మని నేను తిట్టట్లేదు. ఆవిడ చిన్నప్పుడు బళ్ళో ఏం పడిందో, ఎవరు ఏమన్నారో, నాన్న తరఫు పెళ్ళిళ్ళకి వెళ్తే ఏ మూల కూర్చోబెట్టారో మనకి తెలీదు. వాళ్ళమ్మ ఫ్రాక్ వేసుకుని స్కూలుకొస్తే సిగ్గుపడుంటుంది, దొరసాని కూతురని వెక్కిరించుంటారు. అప్పట్నుంచి భయం అలా ఉండిపోయింది. అయితే ఆ భయం ఆవిడది, నీ పెళ్ళికి దాన్ని తెచ్చి పెట్టమని నువ్వు ఒప్పుకోకూడదు. అమ్మ మాట వినాలి, నేనూ అదే చెప్తాను ఎప్పుడూ, కానీ అమ్మ వాళ్ళమ్మని లేదనమంటే వినకూడదు. పెద్దవాళ్ళని దాచి చేసుకునే పెళ్ళి నాకు ఒంటికి పడదు, పాతకాలం దాన్ని అనుకో ఏమైనా అనుకో.

అబ్బాయికి చెప్పాలా వద్దా అని నువ్వు అడగలేదు, చిత్రంగా. అదే ముందు అడగాల్సింది. చెప్పు, ఈ వారమే చెప్పు. వాట్సాప్‌లో కాదు, అమ్మానాన్నలని మధ్యలో పెట్టీ కాదు, కూర్చోబెట్టి చెప్పు. ఆ రోజు వరండాలో ఉన్నావిడ మా అమ్మమ్మ, మేం అబద్ధం చెప్పాం అని. సారీ కూడా చెప్పు, ఎందుకంటే వాళ్ళకి అబద్ధం చెప్పింది నిజం కదా. తర్వాత ఇంటికి తీసుకొచ్చి ఆవిడ పక్కన కూర్చోబెట్టు. అతను వాళ్ళమ్మకి ఎలా చెప్పుకుంటాడో అతని తలనొప్పి. క్రిస్టియన్ అమ్మమ్మా, ఆంగ్లో ఇండియనా అని వాళ్ళు వెనక్కి తగ్గితే, తగ్గనీ. కార్డులు పంచేశాక ఎవరో లాలాగూడ వాళ్ళు పెళ్ళికొచ్చి హలో చెప్తే అప్పుడు బయటపడటం కంటే ఇదే నయం. పుట్టబోయే పిల్లకి పిల్లికళ్ళు వస్తే అప్పుడు ఏ చుట్టం మీదకి తోస్తారు చెప్పు.

అమ్మకి మాత్రం ముందు చెప్పి చెయ్. పర్మిషన్ అడగొద్దు, అడిగితే ఏడుస్తుంది, ఏడిస్తే నువ్వు ఆగిపోతావు. నేను చెప్పబోతున్నాను అని చెప్పు, అంతే. గొడవవుతుంది, నాలుగు రోజులు అన్నం మానేస్తుంది. ఆ నాలుగు రోజులు ఓర్చుకో. పెళ్ళికూతుర్ని చేసే రోజు నలుగు పెట్టేటప్పుడు అమ్మమ్మ ఉండాలి, ఫ్రాక్‌లో వస్తుందో చీర కట్టుకుంటుందో ఆవిడిష్టం, ఎవరూ ఆవిడ బట్టల గురించి మాట్లాడకుండా చూసే పూచీ నీది.

ఇంక డీఎన్ఏ టెస్ట్. తెప్పించుకో, నేను కాదనను, డబ్బులు నీవి. అది నీకు ఫలానా ఖండం ఇంత శాతం అని చెప్తుంది, మీ ముత్తాత ఏ ఇంజన్ నడిపాడో చెప్పదు. కోఠి ఉమెన్స్ కాలేజీ ఉందే, ఇప్పుడు యూనివర్సిటీ అయింది, అది ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ, కట్టించినాయన నిజాం దర్బారులో బ్రిటిష్‌వాళ్ళ ప్రతినిధి కర్క్‌పాట్రిక్. ఆయనకీ, ఆయన చేసుకున్న హైదరాబాద్ అమ్మాయి ఖైరున్నీసా బేగంకీ పుట్టిన కూతుర్ని 1805లో మూడేళ్ళ పిల్లగా ఇంగ్లండ్ పంపేశారు, అక్కడ పేరు మార్చి కిట్టీ అన్నారు. ఆ పిల్ల మళ్ళీ తల్లిని చూడనేలేదు. ముప్పై అయిదేళ్ళు దాటాక, తనకీ పిల్లలు పుట్టాక, హైదరాబాద్‌లో అమ్మమ్మ ఇంకా బతికే ఉందని తెలిసి ఉత్తరాలు మొదలుపెట్టింది, ముసలావిడ పారసీలో జవాబులు రాయించింది, ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు మాత్రం చూసుకోలేదు. నీకు సముద్రం అడ్డం లేదు, కాజీపేట రెండు గంటలు. ఈ ఆదివారం వెళ్ళి ఆవిడ్ని తీసుకురా, దారిలో రైల్లో అడగడం మొదలుపెట్టు, వాళ్ళిళ్ళల్లో చేసే ఎల్లో రైసూ బాల్ కర్రీ, అదే పచ్చటి కొబ్బరన్నం, కైమా ఉండల కూర, ఎలా చేస్తారో కూడా రాసుకో. టెస్ట్ తర్వాత చేయించుకోవచ్చు.

అబ్బాయి ఏమన్నాడో మాత్రం నాకు రాయి.