నీళ్లు ఉచితం సరే, మురుగు ఖర్చు ఎవరిది?

ప్రశ్న: ఇంజనీరు గారూ, మాది హైదరాబాద్ మల్కాజిగిరిలో 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితమన్నారు. అయినా అసోసియేషన్‌కు బిల్లు వస్తోంది, అందులో మురుగు సెస్ (మురుగు నిర్వహణకు వేసే అదనపు రుసుము) కూడా ఉంది. వాన పడితే మాత్రం గేటు ముందు మ్యాన్‌హోల్ పొంగి మురుగు సెల్లార్‌లోకి వస్తోంది. మేం కట్టే డబ్బు ఎటు పోతోంది?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, ముందు బిల్లు సంగతి. 2021 జనవరిలో మొదలైన ఈ పథకం లెక్కన మీ ఫ్లాట్లన్నిటికీ కలిపి 4 లక్షల లీటర్లు రావాలి. కానీ ఆధార్ అనుసంధానం చేయించుకోని ఫ్లాటు వాటా అందులో చేరదు. ఓనరు అమెరికాలో ఉండి, అద్దెకున్నవాళ్లు పట్టించుకోని ఫ్లాట్లు ఎన్ని ఉన్నాయో చూడండి. ఉచిత కోటా దాటిన నీటికి చార్జీ, ఆ చార్జీ మీద సెస్ పడతాయి.

ఇక ఖర్చు. గండిపేట చెరువు నీళ్లు 1920 నుంచి పల్లానికి పారి నగరానికి వచ్చాయి. కృష్ణా, గోదావరి నీళ్లు అలా రావు. వంద కిలోమీటర్లకు పైగా పంపులతో ఎత్తి తేవాలి, పంపులు రాత్రీ పగలూ తిరగాలి. నగరానికి నీళ్లిచ్చి, మురుగు లైన్లు చూసే జలమండలికి కరెంటు బిల్లే పెద్ద భారం. ఉచితంగా ఇచ్చిన నీటి డబ్బు రాష్ట్ర ప్రభుత్వం భరించాలి. అది ఆలస్యమైతే ముందుగా ఆగేది మురుగు లైన్ల మరమ్మతే. కుళాయి రాకపోతే గంటలో గొడవవుతుంది, భూమిలో పైపు పూడుకుపోతుంటే ఎవరికీ కనపడదు కదా. పైగా సెస్ నీటి చార్జీకి ముడిపడి ఉంది. చార్జీ లేని ఇంటి నుంచి సెస్సూ రాదు, మురుగు మాత్రం వస్తుంది. పేదవాళ్లను మినహాయించి, మురుగు కోసం ప్రతి ఇంటి నుంచీ కొంత విడిగా తీసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

మీ మ్యాన్‌హోల్ వానకే పొంగుతోందంటే నా అనుమానం మీ డాబా మీదికే పోతుంది. డాబా నుంచి దిగే వాననీటి పైపు ఎక్కడ కలుస్తోందో చూడండి. నా సర్వీసులో చూసిన చాలా అపార్ట్‌మెంట్లలో దాన్ని తీసుకెళ్లి మురుగు చాంబర్‌లో కలిపేసేవారు. మురుగు లైను వాననీటికి వేసింది కాదు. గంట వాన కురిస్తే చాలు, నీళ్లు ఎదురుతన్నుతాయి. దానికి తోడు వంటింటి నూనె. మూత తీస్తే గోడలకు తెల్లగా, వేలు మందాన గట్టిపడి ఉంటుంది. దానికి జుట్టు, డైపర్లు చుట్టుకుని ముద్ద కడతాయి. వాననీటి పైపును ఇంకుడు గుంతకు మళ్లించండి, సింకుల నీరు వెళ్లే చోట నూనెను ఆపే గ్రీజ్ ట్రాప్ పెట్టించండి. ఈ రెండూ మీ అసోసియేషన్ చేతిలో పనులే.

వీధిలోని లైను శుభ్రం చేయడం జలమండలి బాధ్యత. 155313కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, నీటిని జోరుగా చిమ్మి పైపు శుభ్రం చేసే జెట్టింగ్ మెషీన్ కావాలని అడగండి. సన్న గల్లీల్లోకి వెళ్లే చిన్న బండ్లూ ఉన్నాయి. ఒక్కటి మాత్రం చేతులు జోడించి అడుగుతున్నాను. తొందరపడి, డబ్బులిచ్చి ఎవరినీ లోపలికి దింపకండి. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని దింపడం 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ (మనుషులతో మురుగు ఎత్తించడం) నిషేధ చట్టం ప్రకారం నేరం. లోపలి విషవాయువుకు మనిషి నిమిషాల్లో పడిపోతాడు, కాపాడబోయి దిగినవాడూ పోతాడు. మెషీన్ రావడానికి రెండు రోజులు పట్టినా ఆగండమ్మా.