పెన్ను పక్కన పెట్టడం నాకు నేర్పింది మా బాబాయి పాలకేంద్రం

బ్యాంకు పరీక్షలకి చదువుతున్న ఒకరి ప్రశ్న ఇది: మిశ్రమాల మీద వచ్చే డేటా సఫిషియన్సీ లెక్క ఒక్కోదానికి మూడు నిమిషాలు పడుతోంది, షార్ట్‌కట్ ఏమైనా ఉందా?

లేదండి. డేటా సఫిషియన్సీ అంటే ఒక ప్రశ్న, దాని కింద రెండు స్టేట్‌మెంట్లు. జవాబు తేల్చడానికి అవి విడివిడిగా గానీ కలిపి గానీ సరిపోతాయా అన్నదొక్కటే చెప్పాలి, జవాబు కాదు. మీరు జవాబు వచ్చేదాకా లెక్క చేస్తున్నారు, జబ్బంతా అక్కడే. నాకూ ఉండేది. నంద్యాలలో కోచింగ్‌కి వెళ్ళిన రోజుల్లో మా సారు బోర్డు మీద అలిగేషన్ గీతలు, అంటే మిశ్రమంలో పాళ్ళు తేల్చే అడ్డగీతలు, గీసి పది సెకన్లలో నిష్పత్తి తేల్చేసేవారు. మేం నోరు తెరుచుకుని చూసేవాళ్ళం. ఈ రకం లెక్కల్లో ఆ నిష్పత్తి తేల్చనే అక్కర్లేదని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఫీజు మొత్తం ముందే కట్టించుకున్నారు, అది వేరే కథ.

ఆ సంక్రాంతికి ఊరెళ్ళాను. మా బాబాయి పాలకేంద్రం నడిపేవాడు. తెల్లారకముందే ఆయన పక్కన పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. మాకు దూరపు చుట్టం ఒకాయన గేదె పాలంటూ క్యాన్ తెచ్చాడు. బాబాయి పాల సాంద్రత చూసే లాక్టోమీటర్ వేస్తే 29 చూపించింది. "బాగానే ఉన్నాయిగా బాబాయ్" అన్నాను.

"ఇదొక్కటీ చూసి రాసేస్తే నేను ఇల్లమ్ముకోవాలిరా" అంటూ కాసిని పాలు ఫ్యాట్ మిషన్‌లో పెట్టాడు. మీగడ తీస్తే లాక్టోమీటర్ అంకె పెరుగుతుంది, నీళ్ళు పోస్తే తగ్గుతుంది. రెండూ చేసినవాడి పాలు మళ్ళీ మంచి అంకె దగ్గరే నిలబడతాయి. వెన్న మూడున్నర శాతం వచ్చింది. గేదె పాలకి అది మరీ తక్కువ. అయినా ఆవు పాలేమో అనుకోవచ్చు కదా? కానీ వాళ్ళింట్లో ఉన్నవి రెండు గేదెలే. అంటే మూడో స్టేట్‌మెంట్ బాబాయి బుర్రలో ఉంది!

"ఇంతకీ నీళ్ళెన్ని పోసుంటాడు?" అని పెన్ను తీశాను.

"ఎన్నయితే మనకెందుకురా, క్యాన్ వెనక్కి పంపేశాగా."

అప్పుడు వెలిగింది నాకు. ఈ లెక్క చూడండి. పాలు, నీళ్ళు కలిపిన క్యాన్‌లోంచి 10 లీటర్లు తీసి, 10 లీటర్ల నీళ్ళు పోశారు. ఇప్పుడు నిష్పత్తి ఎంత? ఒకటి: మొదటి నిష్పత్తి 3:2. రెండు: మొత్తం 50 లీటర్లు. ఇక్కడ రెండూ కావాలి. 50 లీటర్లయితే 12:13 వస్తుంది, 100 అయితే 27:23 వస్తుంది. అదే "10 లీటర్లు" బదులు "ఐదో వంతు" అని ఉంటే మొదటిదొక్కటే చాలు, క్యాన్ ఎంత పెద్దదైనా 12:13 మారదు. నేనైతే ముందు ఆ ఒక్క మాటే వెతుకుతాను, లీటర్లా వంతులా అని. పెన్ను ముట్టను.

బాబాయి చేసిన పని ఒకటి మాత్రం పరీక్షలో చెయ్యకండి. బయట తెలిసింది లోపలికి తేకూడదు. మొదటి స్టేట్‌మెంట్‌లో చదివింది రెండోదాన్ని విడిగా చూసేటప్పుడు కూడా బుర్రలో తిరుగుతూనే ఉంటుంది. తప్పు జవాబులకి పావు మార్కు చొప్పున నేను పోగొట్టుకున్నవన్నీ దాదాపు అలా పోయినవే.

ఇంకో మోసం ఉంది. క్యాన్‌లో పాలెన్ని లీటర్లు అని అడుగుతారు. ఒకటి: పాలు నీళ్ళకి ఒకటిన్నర రెట్లు. రెండు: మిశ్రమంలో నీళ్ళు 40 శాతం. రెండు స్టేట్‌మెంట్లున్నాయి కదా, కలిపితే లీటర్లు తెలుస్తాయని గబుక్కున టిక్కు పెట్టేస్తాం. రెండూ ఒకే ముక్క, లీటర్ల ఊసే లేదు. ఇలాంటివి తయారుచేసేవాళ్ళు పాలకేంద్రానికొస్తే మా బాబాయి క్యాన్ కూడా దింపనివ్వడు.