టెక్ సందేహాలు: ప్రతిసారీ 43 శాతం దగ్గరే ఆగిపోతున్న స్కాన్

ప్రశ్న: మా ఇంట్లో ఏడేళ్ల కిందట కొన్న డెస్క్‌టాప్ ఉంది. విండోస్ 10. యాంటీవైరస్‌లో ఫుల్ స్కాన్ పెడితే ప్రతిసారీ 43 శాతం దగ్గరే ఆగిపోతోంది. మౌస్ కూడా కదలదు. లోపల్నుంచి టిక్ టిక్‌మని చప్పుడు వస్తుంది. చివరికి పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేస్తున్నాను. షాపువాళ్లు వేసిచ్చిన ఉచిత యాంటీవైరస్ ఒకటి, మేం డబ్బు కట్టి కొన్నది ఇంకొకటి ఉన్నాయి. వైరస్సే స్కాన్‌ను అడ్డుకుంటోందా? తెలిసినవాళ్లు ఫార్మాట్ చేయించమంటున్నారు. పిల్లల చిన్నప్పటి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఫార్మాట్ మాట ఇప్పుడే వద్దండి. స్కాన్ కూడా ఇంకోసారి పెట్టకండి. ఆగడం ప్రతిసారీ ఒకే చోట, పైగా టిక్ టిక్ చప్పుడు. ఈ రెండూ కలిశాయంటే నాకు ముందుగా అనుమానం వచ్చేది హార్డ్‌డిస్క్ మీద. వైరస్ సంగతి తర్వాత.

రోజూ మనం తెరిచే ఫైళ్లు పదో ఇరవయ్యో ఉంటాయి. ఎప్పుడో దాచిన పెళ్లి వీడియో జోలికి ఏళ్ల తరబడి ఎవరూ పోరు. ఫుల్ స్కాన్ మాత్రం మూలమూలలా ఉన్న ప్రతి ఫైలునూ తెరిచి చదువుతుంది. డిస్క్‌లో ఎక్కడైనా పాడైన చోటు ఉంటే అది బయటపడేది అప్పుడే. దాన్నే బ్యాడ్ సెక్టార్ అంటారు. అక్కడి సమాచారం అందక డిస్క్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఉంటుంది. దాని జవాబు కోసం స్కాన్ ఆగుతుంది, విండోస్ కూడా ఆగుతుంది. మౌస్ కదలకపోవడానికి కారణం ఇదే కావచ్చు.

కాబట్టి ఈ రోజే ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ గానీ పెద్ద పెన్‌డ్రైవ్ గానీ తెచ్చుకుని ఫొటోలు కాపీ చేయండి. మళ్లీ దొరకనివి ముందు, సినిమాలూ పాటలూ చివర. అంతా ఒకేసారి లాగకుండా ఒక్కో ఫోల్డర్ కాపీ చేయండి. ఎక్కడైనా కాపీ ఆగిపోతే ఆ ఫోల్డర్‌ను వదిలేసి తర్వాతి దానికి వెళ్లండి. దానితోనే కుస్తీ పడితే మిగిలినవి కూడా దక్కకపోవచ్చు. చప్పుడు ఎక్కువైనా, డ్రైవ్ కనిపించకుండా పోయినా వెంటనే ఆపేసి, డేటా రికవరీ చేసేవాళ్లకు చూపించండి.

చాలామంది ఇక్కడే ఒక పొరపాటు చేస్తారు. ఎవరో చెప్పారని ముందుగా చెక్ డిస్క్ (డిస్క్‌లో తప్పులు వెతికే విండోస్ సొంత ప్రోగ్రామ్) నడుపుతారు. బ్యాడ్ సెక్టార్లు వెతికే చెక్ డిస్క్ మొత్తం డిస్క్‌ను గంటల తరబడి చదువుతుంది. కొన ఊపిరితో ఉన్న డిస్క్ ఆ శ్రమకే పోవచ్చు. దయచేసి ఫొటోలు చేతికొచ్చాకే ఆ పని పెట్టుకోండి.

కాపీ అయ్యాక నా అనుమానం నిజమో కాదో మీరే చూసుకోవచ్చు. స్టార్ట్ బటన్ మీద రైట్‌క్లిక్ చేసి ఈవెంట్ వ్యూయర్ తెరవండి. అందులో విండోస్ లాగ్స్, దాని కింద సిస్టమ్. స్కాన్ ఆగిన సమయంలో సోర్స్ దగ్గర డిస్క్ అనీ, ఈవెంట్ ఐడీ 7 అనీ ఉంటే బ్యాడ్ సెక్టార్ ఉన్నట్టే. 153 అని ఉంటే డిస్క్ సమయానికి జవాబివ్వక విండోస్ మళ్లీ అడగాల్సి వచ్చిందని అర్థం. డిస్క్ కేబుల్ వదులైనా ఇది రావచ్చు. కేబుల్ మార్చడం చిన్న ఖర్చు కాబట్టి ముందు అది చేయించండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ కూడా డిస్క్ ఆరోగ్యం చెబుతుంది. అందులో కాషన్ అనో బ్యాడ్ అనో కనిపిస్తే ఇక ఆ డిస్క్‌ను నమ్మొద్దు. దాని చోట ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన డిస్క్) వేయించండి. పాత డెస్క్‌టాప్‌కు పెట్టే ఖర్చుల్లో ఇంత ఫలితమిచ్చేది నాకు తెలిసి ఇంకోటి లేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. కాబట్టి మీ ప్రాసెసర్ విండోస్ 11కు సరిపోతుందేమో అప్పుడే అడగండి. ఇంటెల్ అయితే సాధారణంగా ఎనిమిదో తరం నుంచి సరిపోతాయి.

డిస్క్ బాగానే ఉందని తేలితే, మీ దగ్గరున్న రెండు యాంటీవైరస్‌లను చూడాలి. ఒకటి ఫైలు తెరవగానే రెండోది అదే ఫైలును పరీక్షించబోతుంది. ఒకదానికొకటి అడ్డం పడి రెండూ నిలిచిపోవచ్చు. ఒక్కటే ఉంచుకోండి. రెండోదాన్ని సెట్టింగ్స్‌లోంచి తీసేశాక, ఆ కంపెనీ సొంత సైట్‌లో ఇచ్చే రిమూవల్ టూల్‌ను కూడా నడపండి. లేకపోతే దాని ముక్కలు కొన్ని లోపలే మిగిలిపోవచ్చు. విండోస్‌తో వచ్చే డిఫెండర్‌తో ఈ గొడవ ఉండదు. వేరే యాంటీవైరస్ వేస్తే అది మామూలుగా తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది.

ఆగినట్టు కనిపిస్తూనే స్కాన్ నడుస్తుండడం కూడా మామూలే. పెద్ద జిప్ ఫైలు, ఐఎస్ఓ ఫైలు (సీడీ లాంటి డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైలుగా దాచినది), ఏళ్ల నాటి మెయిళ్లున్న ఫైలు వస్తే స్కానర్ వాటి లోపలున్నవి కూడా విప్పి చూడాలి. అంతసేపూ శాతం అంకె మారదు. మౌస్ కదులుతుంటే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అక్కడి నుంచి రిసోర్స్ మానిటర్ తెరిచి డిస్క్ ట్యాబ్ చూడండి. ఇప్పుడు ఏ ఫైలు చదువుతోందో కనిపిస్తుంది. పేర్లు మారుతుంటే రాత్రంతా వదిలేయండి. ఒకే పేరు దగ్గర గంటసేపు ఉంటే దొరికినట్టే. అది పనికిరానిదైతే తీసేయండి. మౌస్ కదలకపోతే కస్టమ్ స్కాన్‌లో ఒక్కో ఫోల్డర్ పెట్టి చూస్తూ రండి. ఎక్కడ ఆగుతుందో అక్కడే ఉంది చిక్కు. ఆ చిక్కు తప్పించుకోవడానికి డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మొత్తాన్ని స్కాన్ నుంచి మినహాయించమని ఎవరైనా చెబితే వినకండి. బయటి నుంచి వచ్చే ఫైళ్లు ముందు దిగేది అక్కడే.

వైరస్ గురించి కూడా అడిగారు. యాంటీవైరస్‌ను అడ్డుకునే మాల్‌వేర్ (వైరస్‌లాంటి హానికర ప్రోగ్రామ్) ఉన్న మాట నిజమే. అప్పుడు యాంటీవైరస్ తెరుచుకోకపోవడం, తెరిచినా మూసుకుపోవడం, అప్‌డేట్ కాకపోవడం లాంటివి కనిపిస్తాయి. మీరు అలాంటివేవీ రాయలేదు. అయినా కొత్త డిస్క్ వేశాక, లేదా పాతది బాగుందని తేలాక, ఒకసారి డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, అందులో స్కాన్ ఆప్షన్స్. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే పావుగంటలో స్కాన్ ముగుస్తుంది.

ప్రశ్న: స్కాన్ ఆగిపోతోందని నెట్‌లో దొరికిన కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేశాను. స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించి, కంప్యూటర్ నిండా వైరస్‌లే అని చూపించి డబ్బు అడిగారు. కట్టలేదు. ఇప్పుడేం చేయాలి?
– గాజువాక నుంచి ఒక పాఠకుడు

జవాబు: కట్టకపోవడం మంచిదైంది. ముందు నెట్ తీసేయండి, ఆ యాప్‌ను తొలగించండి. మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లను వేరే ఫోన్ నుంచి మార్చండి. ఆ సమయంలో బ్యాంకు సైట్ తెరిచి ఉంటే బ్యాంకుకు ఫోన్ చేసి చెప్పండి. ఖాతాలోంచి రూపాయి పోయినా క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పైన చెప్పిన ఆఫ్‌లైన్ స్కాన్ ఒకసారి నడిపించి, ఆ తర్వాతే కంప్యూటర్‌ను మళ్లీ నెట్‌కు కలపండి.